స్టాక్ (పొగగొట్టాల) డేటా అంతా ఇచ్చినా మోడల్ తక్కువ ఎందుకు చూపిస్తోంది?

మీరు అడిగింది ఇదీ: ఫ్యాక్టరీల స్టాక్ ఎమిషన్ డేటా (పొగగొట్టాల నుంచి ఎంత కాలుష్యం వెలువడుతోందన్న లెక్క) మొత్తం, అది గాలిలో ఎలా వ్యాపిస్తుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ అయిన ఏర్‌మాడ్‌లో వేశారు, మానిటర్‌లో పీఎం 10 (10 మైక్రాన్ల లోపు ధూళి) ఘనమీటరుకు 110 మైక్రోగ్రాములు వస్తుంటే మోడల్ 40 దాటడం లేదు, తప్పెక్కడ?

విశాఖలో ఇదే పని కొన్నేళ్లు చేశాను. మొదటిసారి నాకూ అచ్చం ఇలాగే వచ్చింది. రెండు వారాలు నిద్ర మానుకుని మోడల్ సెట్టింగులే మార్చాను. మోడల్ బాగానే ఉంది, నేనిచ్చిన లెక్కే సగం. మీదీ అదేనని నా గట్టి నమ్మకం.

ముందు యూనిట్లు చూసుకోండి. టెస్ట్ రిపోర్టులో ధూళిని నార్మల్ ఘనమీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని రాస్తారు. మన దగ్గర నార్మల్ అంటే 25 డిగ్రీలు. 3 మీటర్ల వ్యాసమున్న గొట్టంలో 130 డిగ్రీల పొగ సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు 106 ఘనమీటర్లు, 25 డిగ్రీలకు సరిచేస్తే 78. ధూళి 50 మిల్లీగ్రాములైతే సెకనుకు 3.9 గ్రాములు. సరిచేయకుండా వేస్తే 5.3 వస్తుంది. ఈ పొరపాటు మీ దగ్గర ఉంటే, అసలు తేడా మీరనుకున్న దానికంటే ఇంకా పెద్దది.

ఇక అసలు సంగతి. మా మానిటర్‌కు దగ్గర్లో, ఒక నిల్వ యార్డు పక్క రోడ్డులో టీ కొట్టు ఉండేది. ఒకరోజు పదకొండింటికి అక్కడ టీ తాగుతుంటే, కొట్టు నడిపే అమ్మ గ్లాసులు బోర్లించిన బల్లను తడిగుడ్డతో తుడిచి చూపించింది. గుడ్డ నల్లగా అయిపోయింది. "పొద్దున్నే తుడిసినాను బాబూ, మళ్లీ సూడు ఎలగుందో" అంది. మా ఇన్వెంటరీలో, అంటే కాలుష్య మూలాల జాబితాలో, ఆ రోడ్డు లేదు, లారీలు లేవు, యార్డులోని కుప్పలూ లేవు. రిపోర్టులు ఉండేది గొట్టాలకే కాబట్టి గొట్టాలే ఎక్కించాం. ఆ అమ్మ రోజూ పీల్చే గాలి మా లెక్కలోకే రాలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మర్నాడు రోడ్డు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, చీపురుతో దుమ్ము ఊడ్చి, సంచుల్లో కట్టి తెచ్చాం. 200 మెష్ జల్లెడలో జల్లించి, కిందికి దిగిన 75 మైక్రాన్ల లోపు పొడిని తూచాం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి ఏపీ-42 అనే పుస్తకంలోని రోడ్డు దుమ్ము సూత్రానికి కావలసింది చదరపు మీటరుకు ఈ పొడి ఎన్ని గ్రాములు, వాహనాల సగటు బరువు ఎంత అనేవే. పుస్తకంలో ఉన్న విలువ మాత్రం వాడకండి, అది అక్కడి రోడ్లది. మాకు దొరికింది దానికి ఎన్నో రెట్లు. రోడ్లు, కుప్పలు కలిపాక తేడా సగానికి పైగా తగ్గింది.

పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్నని ధూళి) కూడా చేస్తున్నట్లయితే ఇంకో చిక్కుంది. గొట్టంలోంచి వాయువుగా వచ్చిన సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో ప్రయాణిస్తూ అమ్మోనియాతో కలిసి సన్నని కణాలవుతాయి. ఏర్‌మాడ్ దీన్ని లెక్కించదు. సీమాక్, వర్ఫ్-కెమ్ లాంటి, గాలిలోని రసాయన చర్యలను కూడా లెక్కించే మోడళ్లు కావాలి. బయటి నుంచి వచ్చే నేపథ్య ధూళిని కూడా విడిగా కలపాలి.

మీది తీరప్రాంతమైతే వాతావరణ డేటా ఎక్కడిదో చూడండి. విశాఖలో ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పరిశ్రమలు. పగలు సముద్రపు గాలి, రాత్రి నేల గాలి. దూరంలో ఉన్న స్టేషన్ గాలి వేస్తే పొగ వేరే ఊరి మీదికి పోయినట్టు చూపిస్తుంది.

ఇవాళే చేయగలిగిన పని ఒకటి చెప్తాను. మానిటర్ గంటవారీ రీడింగులను గాలి దిశ ప్రకారం విడగొట్టండి. ఏ దిక్కు నుంచి వీచినప్పుడు రీడింగు పెరుగుతోందో చూసి, ఆ దిక్కుగా కిలోమీటరు దూరం నడిచి వెళ్లండి. అక్కడ కనిపించినవి ఇక్కడ రాయండి, వాటిని మోడల్‌లో ఎలా పెట్టాలో నేను చెప్తాను.