ఇంకో ఏడాది చూద్దామా, ఇప్పుడే చూపిద్దామా?

ప్రశ్న: మాది తిరుపతి. మా బాబు ప్రైవేట్ స్కూల్లో నాలుగో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు. సైన్సు పాఠం ఒకసారి వింటే చాలు, ఇంటికొచ్చి మాకే పాఠం చెప్తాడు. కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్క నాకన్నా ముందే తేల్చేస్తాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం ఏడుపే. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషులో అయితే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తాడు. మొన్న క్లాస్ టీచర్ ‘ఒకసారి ఎవరికైనా చూపించి టెస్ట్ చేయించండి మేడమ్’ అన్నారు. మా ఆయనేమో ‘నేనూ పదో తరగతి దాకా ఇట్లాగే ఉన్నా, ఇప్పుడేమైంది’ అంటారు. పిల్లోడికి పిచ్చని ముద్ర వేయిస్తావా అని మా అత్తగారు నాతో మాట్లాడడమే మానేశారు. ట్యూషన్ మార్చి చూడాలా, ఇంకో ఏడాది ఆగాలా, ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: చూపించండమ్మా. ట్యూషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

విన్నది అర్థం చేసుకుంటున్నాడు, తిరిగి చెప్పగలుగుతున్నాడు, మనసులో లెక్క చేస్తున్నాడు, పుస్తకంలో అక్షరం కనబడగానే ఆగిపోతున్నాడు. అన్నిట్లోనూ నెమ్మదిగా ఉండే పిల్లలు ఉంటారు, వాళ్ల దారి వేరు. మీ వాడికి ఒక్కచోటే అడ్డం పడుతోంది. తెలివికీ చదవడానికీ మధ్య ఇంత ఎడం కనిపించినప్పుడే పరీక్ష చేయించమని చెప్తాం. బద్ధకం అనుకోవడానికి ఇందులో నాకేమీ కనబడలేదు.

మీవారి మాట గురించి ఒకటి చెప్పాలి. చదవడంలో వచ్చే ఈ ఇబ్బంది, డిస్‌లెక్సియా అంటారే, అది కుటుంబాల్లో వస్తూ ఉంటుంది. ‘నేనూ ఇట్లాగే ఉన్నా’ అని తండ్రి అంటే, పరీక్ష చేసేవాళ్లు ముందుగా రాసుకునేది ఆ మాటే. కాబట్టి ఆయనతో వాదన పెట్టుకోకుండా వెంట తీసుకెళ్లండి, చిన్నప్పుడు బడిలో తాను ఎంత అవస్థ పడ్డారో ఆయన నోటితోనే చెప్పనివ్వండి. (ఇంతవరకు ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు, అది వేరే సంగతి.)

అట్లాగని రేపు పొద్దున్నే సైకాలజిస్టు దగ్గరికి పరుగెత్తకండి. ముందు కళ్లు, తర్వాత చెవులు. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, బోర్డు సరిగ్గా కనబడక, చిన్నప్పటి నుంచి చెవి కారుతూ సగం మాటలు వినబడక, ‘చదువు రాదు’ అనిపించుకున్న పిల్లలు తక్కువేమీ కాదు. కంటి డాక్టరు దగ్గర, ఈఎన్‌టీ దగ్గర చూపించి కాగితం తీసుకోండి. రుయా ఆసుపత్రిలో ఈ రెండు విభాగాలతో పాటు పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం కూడా ఉన్నాయి కాబట్టి తిరుపతిలో ఉన్నవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు. చిత్తూరు వైపు వాళ్లు చాలామంది వెల్లూరు సీఎంసీకి వెళ్తారు, అక్కడ పిల్లల ఎదుగుదల సమస్యల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది.

వయసు కూడా చూడాలి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిపితే వందల రూపాలవుతాయి, అవన్నీ చేతికి రావడానికి ఏ ఇబ్బందీ లేని పిల్లలకు కూడా ఏళ్లు పడుతుంది. ఒకటో తరగతి పాప ఒత్తులు వదిలేస్తోందనో, ఇంగ్లీషులో బి, డి తారుమారు చేస్తోందనో ఎవరైనా రాస్తే కంగారు పడొద్దనే చెప్తాను. ఈ ఇబ్బందికి సర్టిఫికెట్ ఇచ్చేది కూడా ఎనిమిదేళ్లు నిండాకే. మీ వాడు నాలుగో తరగతిలో ఉన్నాడు, ఆ వయసు దాటే ఉంటాడు. ఇంకో ఏడాది ఆగితే ఐదులోకి వెళ్తాడు, అక్కడ పాఠాలన్నీ సొంతంగా చదువుకుని నేర్చుకోవాల్సినవే. ఇప్పుడు ఒక్క చదవడం దగ్గరున్న వెనకబాటు అప్పుడు సైన్సులోకీ సోషల్‌లోకీ పాకుతుంది. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఆ ఏడుపు, ఎందుకంటే తనకు బుర్ర లేదని పిల్లాడు ఒకసారి నమ్మేశాడంటే దాన్ని తీసేయడం చదువు నేర్పడం కన్నా కష్టం.

పరీక్ష అంటే సూదులూ మందులూ ఉండవు. మీతో కూర్చుని పుట్టినప్పటి నుంచి సంగతులు అడుగుతారు, ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాటలొచ్చాయి, ఫిట్స్ ఏమైనా వచ్చాయా అని. తర్వాత వాడితో ఐక్యూ టెస్ట్, ఆపైన చదవడం, డిక్టేషన్, చదివింది అర్థం కావడం, లెక్కలు విడివిడిగా చూస్తారు. ఒక్క రోజులో తేల్చకుండా రెండు మూడు సార్లు రమ్మనవచ్చు. వెళ్లేముందు తెలుగులో కూడా చూస్తారా అని అడగండి, ఇంగ్లీషులో మాత్రమే చూస్తే సగం సంగతే తెలుస్తుంది. పోయినేడాదివీ ఈ ఏడాదివీ నోటు పుస్తకాలు, ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్లండి, నీటుగా అట్టలేసినవి ఏరుకుని కాదు, తప్పులున్నవే. టీచర్ గారిని ఒక పేజీ రాసిమ్మనండి, దేంట్లో ఆగుతున్నాడు, దేంట్లో బాగున్నాడు అని. టెస్ట్ చేయించమని చెప్పే ధైర్యం చేసిన టీచర్ మీ బాబుకు దొరికారు, చాలామంది ‘యావరేజ్ స్టూడెంట్’ అని రాసి పై క్లాసుకు పంపేస్తారు.

ఫలితం ఏదైనా రావొచ్చు. డిస్‌లెక్సియా అని తేలొచ్చు, ధ్యాస నిలవకపోవడం అసలు కారణమని తేలొచ్చు, ఏమీ లేదనీ తేలొచ్చు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఈ చదువు ఇబ్బంది ఒకటి. దాన్ని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన పద్ధతిలో నేర్పడం బడి బాధ్యత అని అదే చట్టం 16వ సెక్షన్ చెప్తుంది. తీవ్రత 40 శాతం, ఆపైన ఉందని సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు తగ్గకుండా అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి, ఇట్లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. సర్టిఫికెట్ కోసమైతే సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్యం ఎంతో తేల్చే ప్రభుత్వ వైద్య శిబిరం) స్లాట్ గురించి అడగండి. కానీ నాలుగో తరగతి పిల్లాడికి కాగితం కన్నా ముందు కావాల్సింది రోజూ కాసేపు, అక్షరానికీ శబ్దానికీ ముడి వేస్తూ పద్ధతిగా చదవడం నేర్పే మనిషి. పాత పాఠాన్నే ఇంకోసారి బట్టీ పట్టించే ట్యూషన్ ఎన్నిసార్లు మార్చినా ఆ పని జరగదు.

అంతవరకు సోషల్, సైన్సు పాఠాలు మీరే చదివి వినిపించండి, జవాబులు నోటితో చెప్పించండి. క్లాసులో అందరి ముందూ నిలబెట్టి చదివించవద్దని టీచర్‌కు చెప్పండి. మీ అత్తగారితో పరీక్ష అనే మాటే ఎత్తకండి, కళ్లు చూపించడానికి తీసుకెళ్తున్నామని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు.

ప్రశ్న: నేను చిత్తూరు జిల్లాలో తమిళనాడు సరిహద్దు దగ్గర ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. మూడో తరగతిలో ఇద్దరు ఏమీ చదవలేకపోతున్నారు. ఒక బాబు ఇంట్లో మాట్లాడేది తమిళమే. ఒక పాపను వాళ్లమ్మానాన్న ఇటుక బట్టీల పనికి వెళ్లినప్పుడల్లా వెంట తీసుకెళ్తారు, ఏడాదిలో నాలుగైదు నెలలు బడికి రాదు. ఇద్దరినీ స్పెషల్ ఎడ్యుకేషన్‌కు రాసి పంపమంటారా?

జవాబు: ఇద్దరినీ ఒకే కాగితం మీద రాసి పంపకండి సార్.

బాబు సంగతి చూడండి. ఇంట్లో తమిళం, మీరు చెప్పేది తెలుగు, చేతిలో ఉన్న పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. ఏ పిల్లాడైనా తడబడతాడు. కాబట్టి వాణ్ని తమిళంలోనే పరీక్షించాలి. మీకు రాకపోతే మధ్యాహ్న భోజనం వండే అక్కకో, పై తరగతి పిల్లలకో వచ్చే ఉంటుంది. ఒక చిన్న కథ చెప్పించి తిరిగి చెప్పమనండి. ‘సంచి అక్కడ పెట్టి, తలుపేసి, సుద్దముక్క పట్రా’ అని మూడు పనులు ఒకేసారి చెప్పించి చూడండి. తమిళంలో గడగడా మాట్లాడుతూ చెప్పింది చెప్పినట్టు చేస్తే వాడికి కావాల్సింది తెలుగు మాటలు, అది మన పని. తమిళంలోనూ మాటలు వెతుక్కుంటున్నాడు, చిన్నప్పుడు మాటలు లేటుగా వచ్చాయని వాళ్లమ్మ అంటోంది, అదే ఇంట్లో పెరిగిన అన్నకో అక్కకో ఈ ఇబ్బంది లేదు, అప్పుడు ఆలస్యం చేయకుండా పంపండి. భాష రాదు కాబట్టి వెనకబడ్డాడులే అని సరిహద్దు ఊళ్లలో మనం సరిపెట్టుకోవడం వల్ల నిజంగా సాయం కావాల్సిన పిల్లలు కొందరు ఐదో తరగతి దాకా ఎవరి కంటా పడరు.

పాపది ఖాళీల సమస్య కావచ్చు. బడికి వచ్చిన నెలల్లో ఎట్లా నేర్చుకుందో హాజరు పట్టీ పక్కన పెట్టుకుని చూడండి. రెండు మూడు నెలలు రోజూ ఇరవై నిమిషాలు విడిగా కూర్చోబెట్టి, వారానికోసారి ఎన్ని అక్షరాలు, ఎన్ని మాటలు పట్టుకుందో తేదీ వేసి రాయండి. ఆ లెక్క పెరుగుతుంటే బడికి రాకపోవడమే కారణం. నేర్పిన రోజు వచ్చినట్టే ఉండి తెల్లారేసరికి మర్చిపోతుంటే, ఆ కాగితాలతోనే పంపండి. మళ్లీ వలస వెళ్లే సీజన్ దగ్గర్లో ఉంటే మాత్రం ఈ రెండు నెలలూ ఆగొద్దు. అల్లరి చేసే మగపిల్లల్ని అందరం పంపుతాం, మూలన కిమ్మనకుండా కూర్చునే ఇట్లాంటి ఆడపిల్లల్ని మర్చిపోతాం. మీరు ఈ పాప గురించి అడిగినందుకు సంతోషం.

ఎంఈఓ ఆఫీసులో సహిత విద్య (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అందరితో కలిపి చదువు చెప్పడం) చూసే రిసోర్స్ పర్సన్ ఎవరో, అట్లాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం మీ మండలానికి ఎక్కడో కనుక్కోండి. అమ్మానాన్నలతో మాట్లాడేది పేరెంట్స్ మీటింగులో పదిమంది ముందు వద్దు. వాళ్లు ఒప్పుకోకుండా పంపడమూ వద్దు.

ప్రశ్న: మా ఆడపడుచు పిల్లలు అమెరికాలో చదువుతున్నారు. అక్కడ ఉత్తరం రాస్తే బడివాళ్లే ఉచితంగా టెస్ట్ చేస్తారట. ఇక్కడ అట్లా అడగొచ్చా? అడిగితే టీసీ ఇచ్చి పంపేస్తారేమోనని భయం. (చిత్తూరు)

జవాబు: అక్కడ 1975 నుంచి దానికి చట్టమే ఉంది. తల్లిదండ్రులు కోరవచ్చు, బడి పైసా తీసుకోకుండా చూడాలి, తల్లిదండ్రులు సంతకం పెట్టాక మామూలుగా 60 రోజుల్లో పూర్తి చేయాలి. ఇక్కడ అంత వరసగా జరగదు, వెంటపడాల్సింది మీరే. టీసీ భయం మాత్రం వద్దు. ప్రభుత్వ బడైనా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేట్ బడైనా వైకల్యం ఉందని వివక్ష చూపకూడదని మన 2016 వికలాంగుల హక్కుల చట్టమే అంటుంది. నోటిమాటగా అడిగి ఊరుకోకుండా హెడ్‌మాస్టర్ పేరున తేదీ వేసి రెండు కాపీలు రాయండి, ఒకటి వాళ్లకిచ్చి, రెండో దాని మీద అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి.