స్టేషన్ పనుల పక్కన అపార్ట్‌మెంట్: కొత్త సెక్రటరీకి ఒక లేఖ

అమ్మాయీ,

ఆశీస్సులు. అసోసియేషన్ సెక్రటరీ బాధ్యత తీసుకున్నావని విని సంతోషించాను. మీ అపార్ట్‌మెంట్ సికింద్రాబాద్ స్టేషన్‌కి కూతవేటు దూరం. మెయింటెనెన్స్ లెక్కలకన్నా, లిఫ్టు రిపేర్లకన్నా నీకు ఎక్కువ పని పెట్టేది ఆ స్టేషన్ పనుల గురించి ఇంటింటికీ చెప్పడమే. అడిగావు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు పని సంగతి నీకు తెలియాలి. ఈ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఖర్చు సుమారు 720 కోట్లు. 2025లో పాత ముఖద్వార భవనాన్ని కూల్చారు, ప్లాట్‌ఫాంలను విడతలుగా మూసి పని చేయడం మొదలుపెట్టారు. పట్టాల మీదుగా పెద్ద కాన్‌కోర్స్ (ప్రయాణికులు తిరిగే, వేచి ఉండే హాలు), బహుళ అంతస్తుల పార్కింగ్, పక్కనున్న రెండు మెట్రో స్టేషన్లకీ స్కైవాక్‌లు ప్లానులో ఉన్నాయి. ఇంత పని, రైళ్లు ఆపకుండా, జనం మధ్యలో జరగాలి. మీవాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం ఇక్కడినుంచే పుడతాయి: రాత్రిపూటే ఎందుకు చేస్తారు, ఇంకా ఎన్నాళ్లు, మన రైలు ఎక్కడ ఎక్కాలి.

నువ్వు పంపే ప్రతి సందేశం మనిషి గుమ్మం దగ్గర ఏం మారుతుందో చెప్పాలి. "ఫేజ్ 2లో పైలింగ్ పురోగతిలో ఉంది" అంటే నాలుగో అంతస్తులో ఉన్న ముసలాయనకి ఒరిగేది ఏమీ లేదు. నీళ్లు వస్తాయా, నిద్ర పడుతుందా, ఆటో గేటుదాకా వస్తుందా, స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుంది, ఇవి కావాలి. ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎవరు చెప్పారు, మళ్లీ ఎప్పుడు చెప్తాను. ఈ మూడూ లేని సందేశం పంపకు. నమూనా ఒకటి రాస్తాను, చూసుకో:

"మంగళవారం రాత్రి 11 నుంచి బుధవారం తెల్లవారుజాము 4 వరకు స్టేషన్‌లో గర్డర్లు (పెద్ద దూలాలు) ఎక్కిస్తారు. క్రేన్ చప్పుడు ఉంటుంది. రోడ్డు వైపు పడకగదులున్నవాళ్లు ఆ రాత్రికి వెనకగదిలో పడుకుంటే మంచిది. వెనక గేటు ముందు కారు పెట్టొద్దు, క్రేన్ అటే తిరుగుతుంది. నీళ్లకీ కరెంటుకీ ఇబ్బంది లేదు. ఈ మాట సైట్ ఇంజినీరు సోమవారం సాయంత్రం చెప్పారు. పని వాయిదా పడితే మంగళవారం రాత్రి 9 లోపు ఇక్కడే చెప్తాను."

అంతే. ఫోన్ తెరమీద ఒక్క చూపులో అయిపోవాలి. తెలుగు పక్కనే హిందీలో కూడా పంపు, ఆ చుట్టుపక్కల అద్దెకున్నవాళ్లలో తెలుగు చదవలేనివాళ్లు చాలామంది. చదవడం కష్టమైన పెద్దవాళ్లకి అదే మాట నలభై సెకన్ల వాయిస్‌గా పెట్టు. పెద్ద అక్షరాలతో ఒక కాగితం లిఫ్టు పక్కన, ఇంకొకటి వాచ్‌మన్ గదిలో అంటించు. వాచ్‌మన్‌ని మర్చిపోకమ్మా. పాలవాడికీ, పనిమనిషికీ, గ్యాస్ బండివాడికీ, కొరియర్ వాళ్లకీ దారి చెప్పేది అతనే. గ్రూపులో పెట్టే ముందు అతనికి నోటితో చెప్పు.

వాట్సాప్‌లో కబుర్లకి ఒక గ్రూపు ఉండనీ, స్టేషన్ సమాచారానికి వేరే గ్రూపు పెట్టి అందులో నువ్వూ, నువ్వు లేనప్పుడు రాసే ఇంకొకరూ మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగ్ మార్చు. ప్రతి ఆదివారం సాయంత్రం 7కి వారం మొత్తం కలిపి ఒక సందేశం. కొత్త సంగతి లేకపోయినా "ఈ వారం కొత్త మార్పు లేదు" అని పంపాలి. నువ్వు రెండువారాలు మౌనంగా ఉంటే ఆ ఖాళీలోకి ఎక్కడెక్కడి ఫార్వర్డ్‌లూ వచ్చి కూర్చుంటాయి. వారం మధ్యలో పంపేవి మూడే: ఆ రాత్రి పని, దారి మూత, నీళ్లూ కరెంటూ.

సమాచారం ఎక్కడినుంచి తీసుకోవాలో ఇప్పుడు చెప్తాను. రైళ్ల మార్పులకి దక్షిణ మధ్య రైల్వే ప్రకటన, రోడ్డు మళ్లింపులకి ట్రాఫిక్ పోలీసుల ప్రకటన, ఆ రాత్రి ఏం చేస్తారన్నదానికి సైట్ ఇంజినీరు. ఈ మూడింటిలో ఏదీ కాకపోతే అది వదంతి. ఫార్వర్డ్ వచ్చినప్పుడు మొదట దానిమీద తేదీ చూడు. పోయినేడాది ప్లాట్‌ఫాం మూత వార్త ఈ ఏడాది మళ్లీ తిరగడం మామూలే. టీ కొట్టు దగ్గర సూపర్‌వైజరు "నెలలో అయిపోతుంది సార్" అన్నాడని గ్రూపులో పెట్టకు, అతని చేతిలో ఉన్నది అతని ముక్క పని మాత్రమే.

పూర్తయ్యే తేదీ విషయంలో ఇంకా జాగ్రత్త. ఈ పనికి మొదట చెప్పిన గడువు ఇప్పటికే మారింది. కాబట్టి "ఫలానా నెలకి అయిపోతుంది" అని నీ మాటగా రాయొద్దు. "రైల్వే ఫలానా తేదీన ప్రకటించిన లక్ష్యం ఇది" అని రాయి. లక్ష్యం మారితే పాత తేదీనీ కొత్త తేదీనీ పక్కపక్కన పెట్టి చెప్పు. నువ్వు తప్పు సమాచారం పంపితే ఆ సందేశం డిలీట్ చేయకు. "నిన్న చెప్పిన ఫలానా మాట తప్పు, సరైనది ఇది" అని కొత్తగా పంపు. డిలీట్ చేస్తే చదివినవాళ్లకి తప్పు గుర్తుంటుంది, దిద్దుబాటు అందదు.

రైళ్ల గురించి అడిగినవాళ్లందరికీ ఒకే జవాబు చెప్పు. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాంలు మూసినప్పుడు చాలా రైళ్లని అటూ, కాచిగూడ, నాంపల్లి వైపూ మళ్లించారు. ఏ రైలు ఎక్కడినుంచో నువ్వు జాబితా తయారుచేసి పంపొద్దు, అది పదిరోజుల్లో పాతబడుతుంది, నీ జాబితా నమ్ముకుని ఎవరో ఒకరు రైలు తప్పిపోతారు. టికెట్టు మీద బోర్డింగ్ స్టేషన్ చూసుకోమను, ప్రయాణానికి ముందురోజు ఒకసారీ బయల్దేరే ముందు ఒకసారీ రైళ్ల రాకపోకలు చూపించే రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లోగానీ 139కి ఫోన్ చేసిగానీ సరిచూసుకోమను. మీ గుమ్మంనుంచి నడిచి స్టేషన్‌కి వెళ్లే అలవాటున్నవాళ్లు చర్లపల్లికి వెళ్లాలంటే గంటకి పైగా ముందు బయల్దేరాలి. పెద్దవాళ్లకి ఇది విడిగా చెప్పు.

ఇక రాత్రి చప్పుడు. అసలు పోట్లాట అంతా ఇక్కడే. పట్టాల మీద 25,000 వోల్టుల తీగ ఉంటుంది. దాని పక్కన క్రేనుతో గర్డరు ఎత్తాలంటే రైళ్లు ఆపాలి, కరెంటు తీసేయాలి. దాన్ని బ్లాక్ అంటారు. రైళ్ల రద్దీ తగ్గే అర్ధరాత్రి కొన్ని గంటలు మాత్రమే అది సాధారణంగా దొరుకుతుంది. పగలు చేయమని ఎంత అరిచినా ఆ పని పగలు కాదు. కానీ రాత్రి జరిగేదంతా బ్లాక్ పని కాదు! పట్టాలకి దూరంగా పాత గోడ పగలగొట్టే బ్రేకరు, ఇనుము దింపే లారీ, మట్టి ఎత్తే టిప్పరు, ఇవి పగలు కూడా చేయొచ్చు. కాబట్టి సైట్ ఆఫీసుకి వెళ్లినప్పుడు "రాత్రి పని ఆపండి" అనకు. "బ్లాక్‌తో సంబంధం లేని పని రాత్రి 10 తర్వాత ఆపండి" అను. ఆ మాటకి వాళ్ల దగ్గర జవాబుండదు. శబ్దకాలుష్య నియమాలు 2000, వాటికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదు. నివాస ప్రాంతానికి పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఫోన్ యాప్ కొలత సాక్ష్యానికి పనికిరాదు, సుమారుగా తెలుసుకోవడానికి మాత్రం వాడుకో. తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, ఏ యంత్రం అన్నది ఒక పుస్తకంలో రాసిపెట్టు. నిలబడేది ఆ పుస్తకమే.

చిన్న కోరికలు కూడా అడుగు, అవి త్వరగా తీరతాయి. టిప్పరు వెనక్కి వస్తున్నప్పుడు కూసే హారన్ చాలామంది నిద్ర చెడగొడుతుంది. జెండా పట్టుకుని దారిచూపే మనిషిని పెడితే బండి అన్నిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పే పని తగ్గుతుంది. జనరేటరుని మీ గోడవైపునుంచి అవతలికి జరపమను, దాని చప్పుడు బయటికి రాని పెట్టె తలుపులు మూసి ఉంచమను. పదో తరగతి, ఇంటర్ పరీక్షల తేదీలు నెల ముందే కాగితం మీద రాసి ఇవ్వు. నోటితో చెప్తే షిఫ్టు మారగానే మర్చిపోతారు.

దుమ్ము విషయంలో బయట ఏం అడగాలంటే: తవ్విన చోట నీళ్లు చల్లడం, టిప్పర్లకి టార్పాలిన్, బయటికొచ్చే టైర్లు కడగడం, మీవైపు ఆకుపచ్చ వల. లోపల నువ్వు చెప్పాల్సింది ఇంకా ఎక్కువ. సంపు మూత, ఓవర్‌హెడ్ ట్యాంకు మూత సరిగ్గా కూర్చున్నాయో లేదో ఈ వారమే చూపించు. ఏసీ ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడుక్కోమను. మెట్లు చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిపించు, ఊడిస్తే దుమ్ము మళ్లీ లేచి ఇళ్లలోకే పోతుంది. లిఫ్టు తలుపు జారే గాడిలో దుమ్ము పేరుకుంటే తలుపు మూసుకోదు, లిఫ్టు మధ్యలో నిలిచిపోతుంది. వారానికోసారి ఆ గాడి బ్రష్‌తో తీయించు. మెకానిక్‌ని పిలిచే ఖర్చు తప్పుతుంది.

పగుళ్ల సంగతి నెమ్మదిగా చదువు. ఎవరో గోడమీద గీత ఫొటో తీసి "బిల్డింగు కూలిపోతోంది" అని గ్రూపులో పెడతారు, ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు. అది రాకముందే పని మొదలుపెట్టు. ప్రతి ఫ్లాటుకీ ఒక కాగితం: ఏ గదిలో, ఏ గోడమీద, ఎంత పొడవు పగులు ఇప్పటికే ఉందో. స్కేలు పక్కన పెట్టి ఫొటో. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయించు. నెలకోసారి, రోజులో అదే సమయానికి చూడాలి. ఎండకి గోడ కాస్త సాగుతుంది, ఉదయం కొలిచిందీ మధ్యాహ్నం కొలిచిందీ ఒకటి కావు. అనుమానమున్న చోట ప్లాస్టరింగ్ కొంచెం చెక్కి, పగులుకి అడ్డంగా పల్చటి గాజుముక్కని రెండువైపులా ఆరల్డైట్‌తో అంటించు. గోడ కదిలితే గాజు పగులుతుంది. ప్లాస్టరింగ్ పైనే అంటిస్తే పెచ్చు కదిలినా పగిలి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది.

వెంట్రుకలాంటి గీతలు ప్లాస్టరింగ్‌వే ఎక్కువ. భయపడాల్సినవి వేరే: కిటికీ మూలనుంచి ఏటవాలుగా పోయేవి, గోడకి రెండువైపులా కనిపించేవి, ఇటుకల వరసల్లో మెట్లుమెట్లుగా దిగేవి, పిల్లరూ బీమూ కలిసేచోట వచ్చేవి, నెలనెలా వెడల్పయ్యేవి. ఇలాంటిది కనిపిస్తే గ్రూపులో చర్చ పెట్టకుండా అదేరోజు స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించు. ఆయన చూసి వెళ్లాక ఏం చెప్పారో అందరికీ ఒకేసారి రాయి.

నీళ్ల దగ్గర రెండు ప్రమాదాలు. లోతైన గుంతల్లోనుంచి నీళ్లు తోడేస్తుంటే పక్కనున్న బోరులో మట్టం దిగొచ్చు. ట్యాంకు నిండడానికి మోటారు ఎన్ని నిమిషాలు తిరిగిందో వాచ్‌మన్‌తో రోజూ రాయించు, ఆ అంకె పెరుగుతూ పోతే నీకు ముందే తెలుస్తుంది. రెండోది, పైలింగ్ గుంతల్లో, అంటే పునాది స్తంభాల కోసం లోతుగా తవ్వే గుంతల్లో, వాడే బెంటొనైట్ అనే బంకమట్టి బురద. అది కాలువలోకి వదిలితే అడుగున గట్టిగా పేరుకుంటుంది. మొదటి పెద్దవానకి సెల్లారులోకి నీళ్లు వెనక్కి తన్నుతాయి. మే నెలలోనే మ్యాన్‌హోల్ మూతలు తీయించి చూడు, జిగట బురద కనిపిస్తే ఫొటోతో సైట్ ఆఫీసుకీ జలమండలికీ ఒకేసారి రాయి.

ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి లిఫ్టులో అంటించు. మంచినీళ్లూ డ్రైనేజీ 155313, కరెంటు 1912, రైల్వే 139, అత్యవసరం 112. అందరూ అన్నిటికీ రైల్వేనే తిడుతుంటారు. వీధిలో కరెంటు తీగ తెగితే రైల్వే ఏం చేస్తుంది? అలాగే "కార్పొరేషన్ అనుమతి లేకుండా కడుతున్నారు, కేసు వేద్దాం" అని ఎవరో అంటారు. రైల్వే చట్టం 1989లోని 11వ సెక్షన్ రైల్వేకి తన నిర్మాణ పనులు, భూసేకరణ చట్టాలు తప్ప, ఇతర చట్టాలతో నిమిత్తం లేకుండా చేసుకునే అధికారం ఇస్తుంది. ఆ వాదనలో మీ డబ్బూ కాలమూ పోగొట్టుకోవద్దు.

కాగితాలు కావాలంటే ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వెయ్యి. ఆన్‌లైన్‌లో 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. "ఎందుకు ఇలా చేస్తున్నారు" అని అడిగితే ఏమీ రాదు. "దుమ్ము, శబ్దం తగ్గించడానికి కాంట్రాక్టు ఒప్పందంలో ఉన్న షరతుల ప్రతి ఇవ్వండి" అని కాగితం పేరు చెప్పి అడుగు. జవాబు రాకపోతే ఆ పైన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

ఒక్క విషయంలో మాత్రం ఆదివారం దాకా ఆగకు. బారికేడ్లు పెట్టి మీ సందు ఇరుకు చేసిన రోజే నువ్వూ వాచ్‌మనూ నడిచి చూడండి, ఫైరింజనూ అంబులెన్సూ ఎటునుంచి రాగలవో. దారి చెప్పేటప్పుడు రోడ్డు అసలు పేరు కాకుండా జనం నోట్లో ఉన్న గుర్తులు రాయి: చిలకలగూడ చౌరస్తా, భోయిగూడ, రేతిఫైల్ బస్టాండు. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఏ ఫ్లాట్లలో ఉన్నారో నీ దగ్గర మాత్రమే ఒక జాబితా ఉండాలి. దారి మారిన ప్రతిసారీ వాళ్ల ఇళ్లకి నువ్వే వెళ్లి తలుపు తట్టి చెప్పు.

శుభాశీస్సులతో,
మీ పెదనాన్న