మొటిమల సంగతి తరువాత, ముందు మీ నాన్నగారి పాదం చూపించండి

ప్రశ్న: నా వయసు 26. నాది జిడ్డు చర్మం, చెల్లిది పొడి చర్మం. మొటిమలకు 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ సీరం రెండు నెలలుగా వాడుతున్నాను, బాగానే ఉంది. దీన్ని చెల్లి కూడా వాడవచ్చా? ఏ రకం చర్మానికి ఎంత శాతం మంచిది? ఇదే మందు ఉన్న పట్టీలను మా నాన్నగారి అరికాలి ఆనెకాయకు పది రోజులుగా వేస్తున్నాం. ఆయనకు 58 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్ ఉంది. పట్టీ చుట్టూ చర్మం తెల్లగా నాని కొంచెం ఊడింది. నొప్పి లేదంటున్నారు కాబట్టి మానలేదు.

జవాబు: మీరు అడిగింది సీరం గురించే. నాకు ఆందోళన కలిగిస్తున్నది మాత్రం చివర్లో మాటవరసకు రాసిన మీ నాన్నగారి పాదం.

ఇది చదివిన వెంటనే ఆ పట్టీ తీసేయండి. మామూలు నీళ్లతో పాదం కడిగి, వేళ్ల సందులతో సహా మెత్తని బట్టతో తడి అద్దండి. శుభ్రమైన పొడి గాజ్ పెట్టి వదులుగా కట్టు కట్టండి. ఊడుతున్న చర్మాన్ని లాగవద్దు, ఆనెకాయను బ్లేడుతో చెక్కవద్దు, ఇంట్లో ఉన్న మరో ఆయింట్‌మెంట్ ఏదీ రాయవద్దు. వేడినీళ్లలో కాళ్లు పెట్టించవద్దు. ఆ నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఆయన పాదానికి తెలియకపోవచ్చు. ఈ రోజే, కుదరకపోతే రేపు ఉదయమే, డాక్టర్‌కు చూపించండి.

నొప్పి లేదని మీరు ధైర్యపడ్డారు. నా భయమంతా దాని గురించే. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోవచ్చు. మామూలు మనిషికి ఆ పట్టీ మంట పుట్టించి రెండో రోజే తీయించేది. మీ నాన్నగారికి ఆ హెచ్చరిక అందకపోయి ఉండవచ్చు. రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే చిన్న గాయం సైతం త్వరగా మానదు. పైగా గట్టిపడిన చర్మం కిందే పుండు దాగి ఉండటం మేం చూస్తూనే ఉంటాం. చూడకుండా ఆయనకు పుండు ఉందో లేదో నేను చెప్పలేను, మీరూ ఫోటో చూసి తేల్చుకోవద్దు.

పేరు ఒకటే కదా అని మందూ ఒకటే అనుకున్నారు. మీ సీరంలో ఉన్నది 2 శాతం. ఆనెకాయ పట్టీల్లో సాధారణంగా 40 శాతం ఉంటుంది, అంటే ఇరవై రెట్లు. సాలిసిలిక్ యాసిడ్ చర్మకణాలను అతికించి ఉంచే బంధాన్ని వదులు చేస్తుంది. మొటిమ దగ్గర మనకు కావలసింది అదే. కానీ ఆనెకాయ ఎక్కడ ముగిసింది, మంచి చర్మం ఎక్కడ మొదలైంది అనేది దానికి తెలియదు. అందుకే షుగర్ ఉన్నవారు, కాళ్లలో రక్తప్రసరణ సరిగా లేనివారు డాక్టర్ చెప్పకుండా ఈ పట్టీలు వాడకూడదు. పెట్టెలోని కాగితం మీద కూడా సాధారణంగా ఈ మాట ఉంటుంది. దయచేసి ఒకసారి చదవండి.

ఈ విషయంలో నాకు పట్టింపు కాస్త ఎక్కువే. చిన్న ఆనెకాయతో రావలసినవారు పుండుతో, పుండుతో రావలసినవారు నల్లబడిన వేలితో వస్తున్నారు. మధ్యలో పోయిన రోజులన్నీ సొంత వైద్యానివే. ఇన్‌ఫెక్షన్ ఎముకకు చేరితే వేలినో పాదాన్నో కాపాడటం కష్టమవుతుంది. చీము, దుర్వాసన, వాపు, పాదం వేడిగా ఉండటం, జ్వరం, నలుపు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. చామనచాయ చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. రెండు పాదాలనూ చేతితో తాకి వేడిలో తేడా ఉందేమో చూడండి.

ఇక సీరం సంగతి. జిడ్డు చర్మానికి ఇది సరిపోయే మందే. నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగి పని చేస్తుంది. మీకు మంట, పొట్టు లేవంటే కొనసాగించవచ్చు, పగలు సన్‌స్క్రీన్ మానవద్దు. చెల్లికి మొటిమలు ఉన్నాయని మీరు రాయలేదు. లేకపోతే ఆమెకు ఈ సీరంతో పనే లేదు. ఉంటే, కడిగేసే ఫేస్‌వాష్ రూపంలో 0.5 లేదా 1 శాతంతో వారానికి రెండుసార్లు మొదలుపెట్టి, వెంటనే మాయిశ్చరైజర్ రాసుకోవాలి. అంతకుముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి వారం రోజులు గమనించాలి. ఎగ్జిమా (దురదతో చర్మం పొడిబారి పగిలే జబ్బు), రొజేషియా (ముఖం తరచూ ఎర్రబడే జబ్బు) ఉన్నవారు, ఇట్టే మంటపుట్టే చర్మం ఉన్నవారు సొంతంగా మొదలుపెట్టకపోవడమే మంచిది. మన రంగు చర్మం ఒకసారి కమిలితే ఆ నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. విటమిన్ ఎ రకపు మందైన రెటినాల్‌తో కలిపి ఒకే రాత్రి రాయవద్దు. ఆస్పిరిన్ పడనివారికి ఇదీ పడకపోవచ్చు. గర్భిణులు ముఖం మీద కొద్దిచోట తక్కువ శాతం వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదంటారు గానీ, తమ డాక్టర్‌ను అడిగాకే వాడాలి, పీల్స్ (ఘాటైన యాసిడ్‌తో చర్మం పైపొరను ఊడదీసే చికిత్స) జోలికి వెళ్లకూడదు. ఎవరైనా సరే ఒళ్లంతా రాసుకోవద్దు. మందు రక్తంలోకి ఎక్కువగా చేరితే చెవుల్లో హోరు, వికారం, ఆయాసం వస్తాయి.

మీ నాన్నగారి పాదంలో స్పర్శ, నాడి కొట్టుకోవడం రెండూ చూడమని డాక్టర్‌ను అడగండి. ఆనెకాయను అలవాటైన చేతులు చెక్కి తీయగలవు. కానీ అక్కడ ఒత్తిడి పెట్టే చెప్పులు మార్చకపోతే అది మళ్లీ వస్తుంది. కాబట్టి ఆయన రోజూ వేసుకునే చెప్పులు, ఆ పట్టీల పెట్టె, ఇటీవలి షుగర్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. అప్పటిదాకా ఇంట్లో కూడా ఆయనను ఒట్టి కాళ్లతో నడవనివ్వకండి.