రూల్‌బుక్ ధర న్యాయమేనా?

ప్రశ్న: మేడమ్, తలా ఓ పాత్ర వేసుకుని కథ ఆడుకునే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మా ఐదుగురి జట్టుకు కథ నడిపే డంజియన్ మాస్టర్‌ని నేనే. నియమాల పుస్తకాలన్నీ నా డబ్బుతోనే కొంటున్నాను. వాటిలో కొన్ని 50 డాలర్ల నుంచి 60కి పెరిగాయి. అదే పుస్తకం ఆన్‌లైన్‌లో కావాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. మావాళ్లేమో ‘ఇది దోపిడీ, దొంగ పీడీఎఫ్ దించుకో’ అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: అచ్చు పుస్తకం ధర న్యాయమేనని నా నమ్మకం. ఒకే పుస్తకానికి రెండుసార్లు కట్టించుకోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

1974లో ఈ ఆట మొదటిసారి వచ్చినప్పుడు పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు ఉండేవి, ధర 10 డాలర్లు. ఇప్పటి లెక్కలో అది 60 డాలర్లు దాటుతుంది. 2014లో ఆటగాళ్ల పుస్తకం 320 పేజీలు, 49.95 డాలర్లు. 2024లో వచ్చిన కొత్తది 384 పేజీలు, ధర దాదాపు అంతే. ఈ పదేళ్లలో మిగతా ఖర్చులు పెరిగినట్టు ఇదీ పెరిగుంటే 65 దాటాలి. పైగా ఆ డబ్బంతా ప్రచురణకర్తకు చేరదు. షాపు వాటా, డిస్ట్రిబ్యూటర్ వాటా పోగా సాధారణంగా సగం కూడా మిగలదు. బొమ్మలు వేసినవాళ్లకీ, పదాల లెక్కన డబ్బు తీసుకునే రచయితలకీ అందులోంచే ఇవ్వాలి. దొంగ పీడీఎఫ్ వద్దని నేను చెప్పేది వాళ్ల కోసమే.

అంత పెట్టి కొన్నాక పుస్తకం నిలవాలి కదా! నేను కొన్న ఒక రూల్‌బుక్ ఆర్నెల్లకే విడిపోయింది. మేం పదేపదే తిప్పే మంత్రాల పేజీలు ముందు ఊడొచ్చాయి. చూస్తే ఉత్త జిగురు అతుకు. అప్పట్నుంచీ కొనేముందు పుస్తకం వీపు పైఅంచు చూస్తాను. అచ్చు కాగితాలు మడిచి దారంతో కుట్టి ఉంటే చిన్నచిన్న కట్టలుగా కనిపిస్తాయి. అలాంటి పుస్తకానికి 60 ఇవ్వడానికి నాకు చెయ్యి వస్తుంది.

ఆన్‌లైన్ కాపీ సంగతికొస్తే, అచ్చుదీ అదీ కలిపి ప్రచురణకర్త దగ్గరే కొంటే తగ్గింపు ఇస్తారు. షాపులో కొన్నవాళ్లకు అది దక్కదు, నాకు కోపం అక్కడే. బిట్స్ అండ్ మోర్టార్ అనే ఏర్పాటులో చేరిన చిన్న ప్రచురణకర్తలు షాపులో పుస్తకం కొన్నవాళ్లకు పీడీఎఫ్ ఉచితంగా ఇస్తున్నారు. చిన్నవాళ్లు చేయగలిగింది పెద్దవాళ్లు చేయలేరా?

మీ ఆటగాళ్లు నియమాలు చదవడానికి పైసా పెట్టక్కర్లేదు. ఈ ఆట ఐదో ఎడిషన్ ప్రాథమిక నియమాలు ఉచితమే. 2023 జనవరిలో అందులోని ముఖ్య నియమాల్ని క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. ఇలాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్ నియమాలైతే ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే వెబ్‌సైట్‌లో దాదాపు అన్నీ అధికారికంగానే ఉన్నాయి. అనుబంధ పుస్తకాలు వచ్చినవన్నీ కొనకండి. మీ కథ ఆ పుస్తకంలోని ఊళ్లోకో లోకంలోకో అడుగుపెట్టినప్పుడు చూసుకోవచ్చు.

ఇంకో మాట. ఖర్చంతా మీరొక్కరే ఎందుకు మోస్తున్నారు? మూడేళ్లు నేనూ అలాగే మోశాను. ఒకరోజు ఆట అయ్యాక పుస్తకం తెరిస్తే మంత్రాల పేజీలో ఓ కవరుంది. మావాళ్లు నలుగురూ కలిసి డబ్బు పెట్టారు. కవరు మీద ‘తర్వాతి పుస్తకానికి’ అని రాసుంది. మీవాళ్లకు తట్టకపోతే మీరే నోరు తెరిచి అడగండి. 60 డాలర్లు ఐదుగురు పంచుకుంటే తలా 12.