స్టాపర్ బ్యాక్‌గా ఆడే అబ్బాయి కోచ్ కావాలంటే

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఫుట్‌బాల్‌లో డిఫెండర్‌గా అండర్-19 జిల్లా జట్టుకు ఆడాడు. ఇంజనీరింగ్ వద్దు, ప్రొఫెషనల్ ఆటగాణ్నై ఆ తర్వాత కోచ్‌నవుతాను అంటున్నాడు. ఈ దారిలో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తండ్రి, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి కోరికలో తప్పు లేదు గాని, ముందు ఆట, ఆ తర్వాత శిక్షణ అనే వరుసను మాత్రం మార్చుకోవాలి. ముప్పయ్యైదేళ్లకు మోకాళ్లు సహకరించడం మానేశాక కోచింగ్ వైపు చూసే ఆటగాడికి, అప్పటికే పదేళ్లుగా పిల్లలకు నేర్పుతూ అనుభవం గడించిన వారితో పోటీ తప్పదు. అందువల్ల ఆడుతూనే నేర్పడం మొదలుపెట్టమని నేను గట్టిగా చెబుతాను.

డిఫెండర్‌గా ఆడటం అతనికి కలిసివచ్చే విషయం. స్టాపర్ బ్యాక్ స్థానంలో, అంటే రక్షణ వరుస మధ్యలో నిలబడిన ఆటగాడికి తన జట్టూ, ఎదుటి జట్టూ దాదాపుగా కళ్లముందే కనిపిస్తాయి. ఎవరు ముందుకు వెళ్లారు, ఎవరి వెనుక ఖాళీ ఏర్పడింది, ఎదుటివారిని ఆఫ్‌సైడ్‌లో పడేసేందుకు రక్షణ వరుసను ఎప్పుడు ముందుకు జరపాలి అన్నది క్షణాల్లో తేల్చుకొని, సహచరులకు బిగ్గరగా చెప్పవలసిన బాధ్యత అతనిదే. కోచ్ చేసే పని కూడా చాలావరకు ఇదే. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్ డిఫెండర్‌గా ఆడి, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకత్వం వహించి, తర్వాత జాతీయ జట్టుకు కోచ్ అయ్యారు. ఆయనకు కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1990లో వస్తే, ఆటగాళ్లకిచ్చే అర్జున పురస్కారం 1997లో వచ్చింది.

అయితే ఆట తెలిసినంత మాత్రాన నేర్పడం రాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గోల్ కొట్టే ఫార్వర్డ్ స్థానంలో ఆడించారు. అతను సెమీఫైనల్లోనూ, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లోనూ గోల్ చేశాడు. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన రహీం ఆటగాడి స్థానాన్ని కాక అతని శక్తిని చూడగలిగారు. ఆ చూపు పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేస్తేనే అలవడుతుంది.

ఇక లైసెన్సుల సంగతి. 18 ఏళ్లు నిండాక అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నిర్వహించే డి సర్టిఫికెట్ కోర్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ తర్వాత ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు గల సి, బి, ఎ, ప్రో లైసెన్సులు వరుసగా వస్తాయి. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు వెళ్లాలంటే మధ్యలో ఏదో ఒక జట్టుకు నిజంగా శిక్షణ ఇచ్చిన అనుభవం చూపాలి. దేశంలో అత్యున్నత లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక జట్టుకు ప్రధాన కోచ్ కావాలంటే ప్రో లైసెన్సు ఉండాలి గనుక, ఇది ఒకటి రెండేళ్లలో ముగిసే చదువు కాదు. ఫీజులు, ప్రయాణాలు, బస ఖర్చులు కూడా మీరు ముందే లెక్కలో వేసుకోండి.

ఇంజనీరింగ్ వద్దంటే బలవంతం చేయకండి. డిగ్రీ మాత్రం వదలనివ్వకండి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలో చేరితే, ఎంపికైన పక్షంలో విశ్వవిద్యాలయ జట్టు తరఫున దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడవచ్చు. డిగ్రీ తర్వాత రెండేళ్ల వ్యాయామ విద్య కోర్సు బీపీఈడీ పూర్తిచేస్తే, డీఎస్సీ ద్వారా వ్యాయామ ఉపాధ్యాయ ఉద్యోగాలకు అర్హత లభిస్తుంది. పాఠశాల జట్టును చేతిలో పెట్టుకొని, నెల జీతం తీసుకుంటూ లైసెన్సులు ఒక్కొక్కటే సంపాదించుకొనే ఈ మార్గాన్ని మన ప్రాంతంలో చాలామంది చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా గౌరవప్రదంగానూ, నిలకడగానూ కనిపిస్తుంది. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమా కూడా ప్రభుత్వ కోచ్ ఉద్యోగాలకు విలువైనదే.

ప్రొఫెషనల్ ఆటగాడి జీవితం గురించి మీకు ఉన్న భయం నిరాధారం కాదు. 2025 జులైలో నిర్వాహక సంస్థ సూపర్ లీగ్ కొత్త సీజన్‌ను నిలిపివేసినప్పుడు, దేశంలో అత్యున్నత స్థాయిలో ఆడుతున్నవారు సైతం నెలల తరబడి అనిశ్చితిలో గడిపారు. పైగా పేరున్న అకాడమీలు 13, 14 ఏళ్లకే పిల్లలను ఎంపిక చేసుకుంటాయి గనుక, 17 ఏళ్లంటే కొంత ఆలస్యమే. అయినా రెండు మూడేళ్ల గడువు పెట్టుకొని రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ కోసం రాష్ట్ర జట్టు ఎంపికలకూ, క్లబ్బుల ట్రయల్స్‌కూ వెళ్లనివ్వండి. ఆ గడువు మీరు విధించకుండా, అతనితో కలిసి కూర్చొని నిర్ణయించుకోండి.

ఈలోగా మీరే ఒక పరీక్ష పెట్టవచ్చు. అతని జట్టు ఓడిన రోజు ఇంటికి వచ్చాక, అన్నం తిన్న తర్వాత, ఆ గోల్ ఎలా పడిందని నిదానంగా అడగండి. గోల్‌కీపర్ వదిలేశాడని చెప్పి ఊరుకుంటే అతను ఇంకా ఆటగాడిగానే ఆలోచిస్తున్నాడు. అలా కాకుండా, ఎడమవైపు ఆడేవాడు ముందుకు వెళ్లాడని, ఆ ఖాళీని పూడ్చడానికి తాను జరగాల్సింది జరగలేదని, కంచాన్నీ గ్లాసులనూ జరిపి మరీ మీకు అర్థమయ్యేలా చూపిస్తే, డి సర్టిఫికెట్ దరఖాస్తుకు డబ్బు సిద్ధం చేసుకోండి.