చాట్‌జీపీటీ లాంటి ఏఐ టూల్స్‌ని మనం వాడే తీరు ఎలా మారింది?

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చిన కొత్తలో అందరం దాన్ని పరీక్ష పెట్టడానికే వాడాం, కవిత రాయమనడం, లెక్క తప్పు చేస్తే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం. తెలుగులో అడిగితే జవాబు నత్తనడకన వచ్చేది. పాత మోడల్ తెలుగు మాటల్ని మరీ చిన్న ముక్కలుగా విడగొట్టి చదవడం దానికో పెద్ద కారణం. 2024 మేలో జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్ తెచ్చినప్పుడు చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణలో, ముందు 159 టోకెన్లు (ఈ ముక్కల్నే అలా అంటారు) పట్టిన తెలుగు వాక్యాలు 45 టోకెన్లలో సరిపోయాయి. మనవాళ్లకి అసలు మలుపు ఇదే అంటాను. ఆ జూన్‌లో గూగుల్ వాళ్ల జెమినీ యాప్ కూడా తెలుగులో వచ్చింది.

తర్వాత టైపింగ్ తగ్గిపోయింది. మా అమ్మ కరెంటు బిల్లు ఫోటో తీసి, మైక్ నొక్కి, "ఈ నెల ఎందుకింత ఎక్కువొచ్చింది?" అని అడుగుతుంది, శ్లాబుల లెక్క చెప్తే "ఫిక్స్‌డ్ ఛార్జీ అంటే ఏంటి మరి?" అంటూ వదలదు. ఒకసారి అది యూనిట్ల అంకె తప్పు చదివింది, బిల్లు చేతిలోనే ఉంది కాబట్టి అమ్మే పట్టుకుంది. ఇంతకుముందు ఇవన్నీ నాకు ఫోన్ చేసి అడిగేది, నేను ఆఫీసులో ఉంటే సాయంత్రం దాకా ఆగేది. 2025లో మన ఫోటోల్ని ఏఐతో జపాన్ కార్టూన్ సినిమాల తరహాలో మార్చే గిబ్లీ బొమ్మలు, చీర కట్టినట్టు మార్చే ఫోటోలు కొన్ని వారాలు ఊపేశాయి, అంతే. బిల్లు అడగడం మాత్రం నెలనెలా జరుగుతోంది.