వెనక పేజీలో పెన్సిల్‌తో రాసిన పుస్తకాలు

ప్రశ్న: నా వయసు 41. మనసు బాగోలేక ఏడాదిగా తెగ చదువుతున్నాను. మొత్తం 38 పుస్తకాలు. 23 మనశ్శాంతి, అలవాట్లు, క్షమ లాంటి వాటి మీద. మిగతా 15 ఫాంటసీ నవలలు. మొదటివాటి పేర్లు డైరీలో అందంగా రాసుకుంటాను. నవలల పేర్లు మాత్రం సిగ్గేసి వెనక పేజీలో పెన్సిల్‌తో రాస్తాను. ఒక నవలలో రాజ్యం కోసం విడిపోయిన అన్నదమ్ములు వంతెన మీద ఎదురుపడే చోట ఏడ్చేశాను. రాత్రి ఒంటిగంట దాకా చదువుతున్నా నాలో మార్పు లేదు. పొద్దున్నే లేవడం కూడా 21 రోజులు నిలబెట్టలేకపోయాను. 'చదవేస్తే ఉన్న మతి పోయిందట' అని నా భార్య దెప్పుతోంది. ఆస్తి గొడవతో అన్నయ్యకూ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు, అది వేరే సంగతి. నవలలు మానేయమంటారా?

జవాబు: వద్దు. మానాలనే ఉంటే 24వ మనశ్శాంతి పుస్తకం కొనడం మానండి, కొన్నాళ్లపాటు.

ముందు, 21 రోజులు చేస్తే ఏ పనైనా అలవాటైపోతుందనే ఆ లెక్క తేల్చేద్దాం. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి వచ్చిందది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి పేషెంట్లకు కనీసం 21 రోజులు పడుతోందన్నాడాయన. చేతులు మారేకొద్దీ 'కనీసం' పోయింది, ముఖమూ పోయింది, 21 మిగిలింది. లండన్‌లో 96 మందితో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఓ చిన్న పని అలవాటుగా మారడానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. ఓడిపోయానని మీరు బాధపడుతున్న పందెం అసలు ఎవరూ పెట్టనేలేదు.

ఇలాంటి పుస్తకాలతో ఒక చిక్కుంది. మంచి వాక్యం కింద గీత గీయగానే ఆ పని సగం అయిపోయినంత హాయిగా ఉంటుంది. టైమ్ మేనేజ్‌మెంట్ పుస్తకంలో మునిగి అపాయింట్‌మెంట్‌కి లేటుగా వెళ్లిన ఘనత నాకూ ఉంది! ఆ 23లోంచి ఒక్క పని ఎంచుకుని రెండు మూడు నెలలు చేసి చూడండి, చాలు.

ఫాంటసీ చదవడమంటే పారిపోవడమే అనే నింద పాతదే. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' ఫాంటసీ నవల రాసిన టోల్కీన్, తన 1939 నాటి ఉపన్యాసాన్ని తర్వాత వ్యాసంగా అచ్చు వేసినప్పుడు దీనికి జవాబిచ్చాడు. ఖైదీ బయటపడాలనుకోవడమూ, సైనికుడు యుద్ధం వదిలి పారిపోవడమూ ఒకటి కాదన్నాడు. మీలో రెండూ ఉన్నాయి. నిద్ర చెడగొట్టుకుని ఒంటిగంట దాకా చదవడం రెండో రకం. అక్కడ మీ భార్య కోపం న్యాయమే.

వంతెన దగ్గరి ఏడుపు మాత్రం మొదటి రకం. అన్నయ్య సంగతి 'వేరే' అన్నారు. నాకు మీ ఉత్తరమంతా అదే కనిపించింది. పుస్తకం 'క్షమించు' అనగానే మనసు వాదనకు దిగుతుంది: ఎవరికెంత రావాలి, ఆ రోజు ఎవరు ఏ మాటన్నారు? నవలలో మీ పేరు లేదు, మీ వాటా ఊసు లేదు. వాదించే పని లేకపోయేసరికి, కత్తులూ గుర్రాల మధ్య నుంచి మీ అన్నయ్య చప్పుడు చేయకుండా లోపలికి వచ్చేశాడు.

రేపు రాత్రి ఆ వంతెన ఘట్టం మీ భార్యకు పైకి చదివి వినిపించండి. పది నిమిషాల పని. ఏడాదిగా ఆమెకు కనిపిస్తున్నది పుస్తకం అట్ట, మీ వీపు, అంతే. ఎందుకు ఏడ్చారో కూడా చెప్పండి. నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్‌ని కలవండి. అది పుస్తకాలతో పోయేది కాదు.

అన్నయ్యతో ఆస్తి లెక్క వేరు, పలకరింపు వేరు. పలకరించినంత మాత్రాన వాటా వదులుకున్నట్టు కాదు. 'ఎలా ఉన్నావు అన్నయ్యా' అని ఒక్క మెసేజ్ చాలు. జవాబు రాకపోవచ్చు, నవలలోలాగా అవతలి వైపు నుంచి కూడా మనిషి నడిచి వస్తాడన్న హామీ ఇక్కడ లేదు. పంపే ముందు ఒకసారి మీ భార్యకు చూపించండి.